వద్దంటే వద్దనే ఊరు



బెర్లిన్ నగరం. డిసెంబర్ నెల. ఒక జర్మన్ ఇంట్లో భోజనాల బల్ల. ఆ బల్ల దగ్గర మన తెలుగమ్మాయి ఒకతె కూర్చుని ఉంది. ఇంటావిడ కేకు కోసి, ఒక ముక్క పెట్టింది. తిన్నాక ఇంకో ముక్క కావాలా అని అడిగింది. అమ్మాయికి కావాలి. పొద్దున్నుంచి సరిగ్గా తినలేదు కూడా. కానీ చిన్నప్పటి నుంచి ఇంట్లో నేర్పిన మర్యాద ఒకటుంది కదా! "వద్దండీ, చాలు" అంది.

మన ఇళ్లల్లో ఆ మాటకు అర్థం వేరు. "ఇంకోసారి అడగండి" అని దాని అర్థం. రెండోసారి అడుగుతారు. మూడోసారి అడగరు, వడ్డించేస్తారు. మరి అక్కడ? ఆవిడ "సరే" అంది. కేకు పళ్లెం తీసుకెళ్లి లోపల పెట్టేసింది.

అమ్మాయికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సగం ఆకలితో, సగం బాధతో. ఆవిడకు తనంటే ఇష్టం లేదేమో అనుకుంది. నిజానికి ఆవిడ చేసింది మర్యాదే. అతిథి వద్దంది. వద్దన్నదాన్ని బలవంతంగా పెట్టడం అక్కడ మర్యాద కాదు. అక్కడ వద్దంటే వద్దనే.

ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. జర్మన్ భాషలో "డాంకె" అంటే ధన్యవాదాలు. ఎవరైనా ఏదైనా ఇవ్వబోతుంటే, మన పిల్లలు నవ్వుతూ "డాంకె" అంటారు. "థాంక్యూ, పెట్టండి" అన్న ఉద్దేశంతో. కానీ అక్కడ ఇవ్వబోయినప్పుడు ఒట్టి "డాంకె" అంటే "వద్దు, థాంక్స్" అని లెక్క. కావాలంటే "బిట్టె" అనాలి. పాపం, థాంక్స్ చెప్పి మరీ పస్తులుండే చదువు అది!

ఈ అమ్మాయి గురించి ఒక మాట. ఆమె ఒక్క మనిషి కాదు. చదువుల మార్పిడి మీద జర్మనీ వెళ్లొచ్చిన పిల్లలు చెప్పుకునే ముచ్చట్లన్నీ కలిపి, ఈ ప్రసంగం కోసం అల్లుకున్న ఒక అమ్మాయి. ఊరు ఖమ్మం అనుకుందాం. చదువు మద్రాసు ఐఐటీలో అనుకుందాం. మద్రాసు ఐఐటీయే ఎందుకు? ఎందుకంటే 1959లో ఆ విద్యాసంస్థ పుట్టిందే అప్పటి పశ్చిమ జర్మనీ సాయంతో. అక్కడి విశ్వవిద్యాలయాలతో దానికి ఈ రాకపోకలు ఉన్నాయి. కొన్ని నెలల పాటు అక్కడికి వెళ్లి, చదువుకుని, తిరిగి రావడం. డిగ్రీ మాత్రం ఇక్కడిదే.

ఇప్పుడు జర్మనీలో విదేశీ విద్యార్థులందరిలోకీ ఎక్కువమంది మన దేశం వాళ్లే. 2023-24 చలికాలపు సెమిస్టర్‌లో దాదాపు యాభై వేల మంది. చైనా వాళ్లనూ దాటేశారు. కాబట్టి ఈ అమ్మాయి అవస్థ ఒక్కరిది కాదు.

ఇంతకీ ఆమెను కష్టపెట్టినవి ఏమిటి? బయలుదేరేముందు ఇంట్లో అందరూ భయపడినవి మూడు. తిండి, చలి, భాష. వాళ్లమ్మ బెంగంతా తిండి గురించే. శాకాహారి పిల్ల, మాంసం తినే దేశంలో ఏం తింటుందో అని. పెట్టెలో సగం పచ్చళ్లు, పొడులు. తీరా చూస్తే బెర్లిన్‌లో విద్యార్థుల క్యాంటీన్లు, వాటిని అక్కడ "మెన్సా" అంటారు, 2021 అక్టోబర్ నుంచి దాదాపు పూర్తిగా శాకాహారం వైపు మళ్లాయి. వాతావరణానికి మంచిదని అక్కడి విద్యార్థులే పట్టుబట్టారు. మాంసం, చేపలు కలిపినా నూటికి నాలుగు పాళ్లే అన్నారు. ఇబ్బంది పడ్డది ఆమె కాదు, ఆమెతో పాటు వెళ్లిన బిర్యానీ ప్రియుడు!

కాబట్టి భయపడ్డ చోట దెబ్బ తగల్లేదు. ఎవరూ చెప్పని చోట తగిలింది.

మొదట పేరు దగ్గర. జర్మనీలో ఇంటికి నంబరు ఉంటుంది గానీ, అపార్టుమెంట్లలో ఫ్లాటుకు నంబరు ఉండకపోవడం మామూలే. బయట గంట మీటల పక్కన ఇంటిపేర్లు రాసి ఉంటాయి. పోస్టు డబ్బా మీద కూడా ఇంటిపేరే. పేరు అంటించకపోతే ఉత్తరం రాదు. విద్యార్థుల వసతిగృహంలో దిగిన మన అమ్మాయికి మూడు వారాలు ఒక్క ఉత్తరమూ రాలేదు. బ్యాంకు కార్డు పంపామని బ్యాంకు అంటుంది. రాలేదని ఈమె అంటుంది. చివరికి పక్క గది కుర్రాడు వచ్చి, చిన్న కాగితం మీద ఆమె ఇంటిపేరు రాసి డబ్బాకు అంటించాడు. తర్వాత కార్డు వచ్చింది.

ఇంటిపేరు అంటే ఇంకో సంగతి. మన దగ్గర ఇంటిపేరుతో ఎవరు పిలుస్తారు? పెళ్లి శుభలేఖలో వేస్తాం. హాజరు పట్టీలో పొడి అక్షరంగా ఉంటుంది. అంతే. అక్కడ ప్రొఫెసర్ ఆమెను "ఫ్రావు" అని, అంటే శ్రీమతి, కుమారి అన్నట్టుగా, ఆ పక్కన ఇంటిపేరు చేర్చి పిలిచాడు. మన ఇంటిపేర్లలో చాలావరకు ఊళ్ల పేర్లే కదా. ఎవరో ఊరిని పిలుస్తున్నారనుకుని ఆమె పలకనే లేదు.

ఇక ఆదివారం.

జర్మనీలో ఆదివారం అంటే నిజంగా ఆదివారం. దుకాణాలు మూసేస్తారు. సూపర్ మార్కెట్లు మూసేస్తారు. ఇది ఆచారం మాత్రమే కాదు, రాజ్యాంగంలో ఉంది. 1919 నాటి వైమార్ రాజ్యాంగం ఆదివారాన్ని విశ్రాంతి దినంగా కాపాడాలంది. 1949లో కొత్త రాజ్యాంగం రాసుకున్నప్పుడు ఆ మాటను అలాగే తెచ్చి పెట్టుకున్నారు. మన అమ్మాయి చేరింది శనివారం రాత్రి. మర్నాడు పొద్దున పాలు, బియ్యం కొనుక్కుందామని బయటికొచ్చింది. వీధంతా మూసిన తలుపులే. పెద్ద రైల్వే స్టేషన్లో ఒక దుకాణం, వీధి మలుపులో పొద్దుపోయేదాకా ఉండే చిన్న బడ్డీ, కొన్ని గంటల పాటు రొట్టెల కొట్టు. ఇంతే తెరిచేది. అవెక్కడున్నాయో కొత్తవాళ్లకు ఎలా తెలుస్తుంది? ఆ రోజు అమ్మ పెట్టిన కందిపొడి కాపాడింది.

ఆదివారం అంటే నిశ్శబ్దం కూడా. గోడకు మేకు కొట్టకూడదు. డ్రిల్లింగ్ అసలే వద్దు. ఖాళీ గాజు సీసాలు తీసుకెళ్లి వీధి డబ్బాలో వేయకూడదు, చప్పుడవుతుందని. మామూలు రోజుల్లో కూడా రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా నిశ్శబ్దం పాటించాలి. ఇప్పుడు ఈ నిశ్శబ్దంలో మన ప్రెషర్ కుక్కర్‌ను ఊహించుకోండి. రాత్రి పదిన్నరకు మూడు విజిల్స్. మొదటి విజిల్‌కు పక్క గది తలుపు తెరుచుకుంది. రెండో విజిల్‌కు ఎదురు గది తలుపు. మూడోది రాకముందే ఎవరో వచ్చి, ఏదైనా ప్రమాదమా అని అడిగారు. పోపు పెట్టిన రోజున సంగతి ఇంకా ఘోరం. అక్కడ ప్రతి ఇంట్లో పొగను పసిగట్టే పరికరం పెట్టాలని చట్టం. ఎండుమిరపకాయ నూనెలో పడగానే అది అరిచే అరుపు ముందు కుక్కర్ విజిల్ ఎంత!

మర్నాడు ఉమ్మడి వంటింటి గోడకు ఒక కాగితం. "రాత్రి పది తర్వాత దయచేసి శబ్దం చేయవద్దు." కింద సంతకం కూడా ఉంది. అమ్మాయి కుమిలిపోయింది. నోటితో చెబితే ఏం పోయింది, ఇలా గోడకెక్కించాలా అని. మన దగ్గర ఇలా చీటీ అంటించడమంటే మాటలు మానేసినంత పని. అక్కడ మాత్రం చీటీ అంటే చీటీయే. ఆ సాయంత్రమే సంతకం పెట్టిన పిల్ల వచ్చి, నిన్న వాసన బాగుంది, ఏం వండావు అని అడిగింది. చీటీ వేరు, స్నేహం వేరు. చెప్పాల్సింది చెప్పేశాక వాళ్ల మనసులో ఇంకేమీ మిగలదు.

ఈ సంగతి మళ్లీ ఒకసారి చెప్పుకోవాలి, ఎందుకంటే అంతా ఇక్కడే ఉంది. మన దగ్గర మాట వెనక మాట ఉంటుంది. వద్దంటే పెట్టమని. "చూద్దాంలెండి" అంటే కుదరదని. తల అటూ ఇటూ ఊపితే అవుననో, కాదనో, విన్నాననో. అక్కడ మాట వెనక ఏమీ ఉండదు. చెప్పిందే మాట. మాట వెనక మాట దాచే మన అలవాటుకు మన భాషలో ఒక చక్కని మాట ఉంది, మొహమాటం. జర్మన్‌లో దీనికి సరితూగే ఒక్క మాట వెతకడం కష్టం. పాస్‌పోర్టు, వీసా, ఊరగాయ జాడీ, వీటన్నిటితో పాటు మన పిల్లలు చెప్పకుండా మోసుకెళ్లే సామాను ఈ మొహమాటం. విమానాశ్రయంలో తూకం వేయరు గానీ, అన్నిటికన్నా బరువు అదే.

క్లాసులో ఆ బరువు ఇంకా తెలుస్తుంది. సెమినార్‌లో ఆమె ఒక వ్యాసం చదివింది. చదవడం అయిపోగానే అందరూ పిడికిళ్లతో బల్లల మీద కొట్టారు. గుండె జారిపోయింది. గొడవ చేస్తున్నారనుకుంది. తీరా అది చప్పట్లకు బదులు! జర్మన్ విశ్వవిద్యాలయాల్లో మెచ్చుకోలు అలాగే. సంతోషించేలోపు ప్రొఫెసర్ అందుకున్నాడు. రెండో భాగం బలహీనంగా ఉంది, మూడో వాదం నిలబడదు, అన్నాడు అందరి ముందే. కోపం లేదు, వెటకారం లేదు. అది ఆయన ఆమె పనిని గౌరవించే పద్ధతి. ఆ సంగతి ఆమెకు రెండు నెలలకు గానీ తెలియలేదు. తెలిశాక ఒక రోజు ఆమే చెయ్యెత్తి, ప్రొఫెసర్ చెప్పిన లెక్కలో తప్పుంది అంది. ఆయన బోర్డు చూశాడు. "నిజమే" అన్నాడు. తుడిచి దిద్దాడు. ఆమె ఇంటికి ఫోన్ చేసి చెబితే వాళ్ల నాన్న మొదటి మాట, "సారుకు కోపం రాలేదా?"

ఆ నాన్నను ఇంకోసారి కూడా కంగారు పెట్టింది. పరీక్షలో ఒకటి వచ్చింది నాన్నా, అంది. అటువైపు మౌనం. జర్మనీలో మార్కులు తలకిందులు. ఒకటి అన్నిటికన్నా గొప్ప. నాలుగు బొటాబొటి. ఐదు వస్తే తప్పినట్టు.

జర్మన్లంటే టైముకు పెట్టింది పేరంటారు కదా. అదీ ఒక వేళాకోళమే. టైంటేబుల్‌లో పది గంటలని రాసి, పక్కన "సి.టి." అని రెండక్షరాలు ఉంటాయి. లాటిన్ మాటకు పొట్టి రూపం. దానర్థం క్లాసు పదింపావుకు మొదలవుతుందని. ఈ పావుగంట ఆలస్యానికి విద్యాపావు అని ముద్దుపేరు కూడా ఉంది. అంటే వాళ్లూ ఆలస్యంగా వస్తారు. కాకపోతే ఆ ఆలస్యం కూడా ఖచ్చితంగా పదిహేను నిమిషాలే!

నవ్వుకోడానికి ఇవి బాగున్నాయి. కానీ చలికాలం వచ్చింది. బెర్లిన్‌లో డిసెంబర్ నెలలో సాయంత్రం నాలుగు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. మధ్యాహ్నం క్లాసు నుంచి బయటికొస్తే చీకటి. ఖమ్మంలో ఆ వేళకు ఎండ ఇంకా గోడల మీదే ఉంటుంది. మెట్రోలో ఎవరూ పలకరించరు. ఎవరి ఇంటికైనా వెళ్లాలంటే వారం ముందు అనుకోవాలి. గదిలో కూర్చుంటే ఫోన్ తప్ప దిక్కు లేదు. ఆ ఫోన్‌లో ఇంటివాళ్లతో రోజుకు మూడు గంటలు. ఈ ఫోన్ దగ్గరే అసలు ప్రమాదం ఉందని చెప్పకపోతే అబద్ధమవుతుంది. ఊరు వదిలి వెళ్లిన మనిషి, చెవి మాత్రం ఊళ్లోనే వదిలేసి వెళితే, కొత్త ఊరు ఎలా వినిపిస్తుంది?

ఈ దిగులుకు పండితులు పెట్టిన పేరు "కల్చర్ షాక్". కాలెర్వో ఓబెర్గ్ అనే మానవశాస్త్రవేత్త 1954లో బ్రెజిల్‌లోని రియో నగరంలో ఇచ్చిన ఒక ప్రసంగంతో ఆ మాట బాగా ప్రచారమైంది. ఎప్పుడు చెయ్యి కలపాలి, ఎప్పుడు ఏమనాలి, ఎదుటివాడి మాట నిజమనుకోవాలా వద్దా, ఇలాంటి తెలిసిన గుర్తులన్నీ ఒక్కసారిగా పోవడమే ఈ జబ్బుకు మూలమన్నాడు ఆయన. మరుసటి ఏడాది, 1955లో, స్వెర్రె లిస్‌గార్డ్ అనే నార్వే పండితుడు, అమెరికా వెళ్లి చదువుకొచ్చిన తన దేశస్థులు రెండు వందల మందిని పలకరించి ఇంకో సంగతి గమనించాడు. ఆరు నెలల లోపు ఉన్నవాళ్లు బాగానే ఉన్నారు. ఏడాదిన్నర దాటినవాళ్లూ బాగానే ఉన్నారు. మధ్యలో ఉన్నవాళ్లే కుంగిపోయారు. ఊయలలా కిందికి దిగి పైకి లేచే గీత అది. మొదటి రోజులే అన్నిటికన్నా కష్టమని చెప్పిన పరిశోధకులు తర్వాత వచ్చారు. గీత ఎలా ఉన్నా, మన అమ్మాయి గది కిటికీలో చీకటి అదే చీకటి.

ఆమెను బయటికి లాగింది ఏమిటి? గొప్ప సంఘటనేమీ కాదు. ఒక రోజు మెన్సాలో, చీటీ అంటించిన పిల్లతో, ఉన్న మాట చెప్పేసింది. "నాకు ఒంటరిగా ఉంది. ఆదివారం నాతో ఎక్కడికైనా వస్తావా?" తెలుగులో ఆ మాట ఎవరితోనైనా అనగలిగేదా? ఎదుటివాళ్లే మొహం చూసి కనిపెట్టాలి కదా మన దగ్గర! ఆ పిల్ల వెంటనే డైరీ తీసింది. "ఈ ఆదివారం కుదరదు. వచ్చే ఆదివారం, మూడు గంటలకు." ఆ వచ్చే ఆదివారమే మొదట్లో చెప్పుకున్న కేకు. అది ఆ పిల్ల వాళ్లమ్మ ఇల్లు. తర్వాతి వారం మళ్లీ పిలిచారు. ఈసారి అడగ్గానే మన అమ్మాయి "బిట్టె" అంది. రెండు ముక్కలు తింది.

ఇక్కడ వందేళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి. అదే బెర్లిన్. 1922లో ఒక యువకుడు చదువుకోడానికి వెళ్లాడు. పుట్టింది మన హైదరాబాదులోనే, 1897లో. పేరు జాకిర్ హుసేన్. తర్వాత 1967లో మన రాష్ట్రపతి అయినాయన. బెర్లిన్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రంలో డాక్టరేట్ కోసం వెళ్లిన ఆయన, అక్కడి కావియానీ ముద్రణాలయంలో ఉర్దూ కవి గాలిబ్ దివాన్‌ను, అంటే కవితల సంపుటిని, చిన్న అందమైన పుస్తకంగా 1925లో అచ్చు వేయించాడు. జర్మన్ చదువు చదువుతూ ఉర్దూ కవిత్వాన్ని బెర్లిన్‌లో అచ్చొత్తించడమంటే, దేశం మీద బెంగ తీర్చుకునే దారి అంతకన్నా మంచిది ఏముంటుంది? ఆయనకూ ఆయన మిత్రులకూ అక్కడ పరిచయమైన యూదు యువతి గెర్డా ఫిలిప్స్‌బోర్న్. జర్మనీలో హిట్లర్ అధికారానికి వచ్చే రోజుల్లో ఆమె ఢిల్లీ వచ్చి, జామియా మిలియా విద్యాసంస్థలో చిన్నపిల్లల బడి చూసుకుంది. పిల్లలు ఆమెను ఆపాజాన్, అంటే అక్కగారు, అనేవాళ్లు. 1943లో మన దేశంలోనే కన్నుమూసింది. ఆమె సమాధి జామియా శ్మశానంలోనే ఉంది. కొత్త దేశంలో కుదురుకోవడం మనవాళ్లకు మాత్రమే పడ్డ పని కాదన్నమాట.

సరే, మన అమ్మాయి. మార్చి నెల వచ్చింది. వెళ్లేటప్పుడు ఆమెకు తెలియనివి ఇప్పుడు చాలా తెలుసు. గడ్డకట్టే చలిలో కూడా రోజూ కాసేపు కిటికీలు బార్లా తెరవాలని, లేకపోతే గోడలకు బూజు పడుతుందని తెలుసు. పుట్టినరోజు శుభాకాంక్షలు ఒక్క రోజు ముందు కూడా చెప్పకూడదని తెలుసు. ముందే చెబితే కీడట. దిష్టిని నమ్మే మన ఇళ్లకు ఈ మాట కొత్తేమీ కాదు! ఖాళీ ప్లాస్టిక్ సీసా దుకాణంలో తిరిగిస్తే పావు యూరో వస్తుందని తెలుసు. తీసుకెళ్లే ఓపిక లేకపోతే, దాన్ని చెత్తడబ్బాలో వేయరు, పక్కన నిలబెడతారు. సీసాలు ఏరుకుని బతికేవాళ్లు డబ్బాలో చెయ్యి పెట్టే అవసరం లేకుండా. పలకరించరు అనుకున్న ఊళ్లో ఈ మర్యాద చూసి ఆమె ఒక సాయంత్రం అక్కడే నిలబడిపోయింది.

అర్ధరాత్రి, ఒక్క కారూ లేని రోడ్డు మీద, ఎర్రదీపం ముందు ఆగడం కూడా అలవాటైంది. తూర్పు బెర్లిన్ కాలం నాటి టోపీ మనిషి బొమ్మ ఆ దీపాల్లో ఉంటుంది. 1961లో కార్ల్ పెగ్లావు అనే ఆయన గీసిన బొమ్మ అది. రెండు జర్మనీలు కలిశాక దాన్ని తీసేయబోతే జనం ఊరుకోలేదు. ఆ టోపీ మనిషి పచ్చగా నడిచేదాకా ఆమె కదలదు.

ఏప్రిల్‌లో ఖమ్మం. మొదటి వారం ఒక కూడలిలో అలాగే ఎర్రదీపం ముందు స్కూటీ ఆపింది. వెనక నుంచి హారన్ల మోత. "ఏమ్మా, బండి పాడైందా?" అని ఒకాయన అడిగాడు, నిజంగా సాయం చేద్దామనే. వెళ్లడం కన్నా తిరిగి రావడం ఇంకో రకం కష్టమని 1963లోనే గల్లాహార్న్ దంపతులనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు రాశారు. ఊయల గీత పక్కన ఇంకో ఊయల గీశారు వాళ్లు.

ఆ ఆదివారం మధ్యాహ్నం, చెప్పాపెట్టకుండా పక్కింటి పిన్నిగారు వచ్చారు. "ఎప్పుడొచ్చావే, ఇంత చిక్కిపోయావేంటే?" అంటూ. అమ్మాయి లేచి కుర్చీ వేసింది. "టీ తాగుతారా పిన్నిగారూ?" అని అడిగింది.

"వద్దమ్మా, ఇప్పుడే తాగొచ్చాను" అన్నారావిడ.

"సరేనండీ" అని అమ్మాయి వచ్చి కూర్చుంది.

వంటింట్లోంచి వాళ్లమ్మ గొంతు వినిపించింది. "కూర్చుంటావేంటే? గిన్నె ఎక్కించు!"